విలువ ఎంతండీ?

"దీని విలువ ఎంత వెయ్యమంటారండీ?"

ప్యాకింగ్ కంపెనీ కుర్రాడు అట్ట మీద కాగితం బిగించి, పెన్ను పట్టుకుని అడిగాడు. మా ఇద్దరి మధ్యా నేల మీద తిరగలి ఉంది. మా అత్తగారి తిరగలి. కందులు, పెసలు, మినుములు... మా పొలంలో పండి, దానిలో పడి, పప్పుగా మారని గింజ లేదు. అలాంటిదానికి విలువ అడిగితే ఏం చెప్పను?

"నువ్వే చెప్పు బాబూ" అన్నాను.

"పాత రాయే కదండీ. మూడొందలు వేసుకుందాం."

వేసేశాడు. వరస నంబరు 31. వస్తువు, తిరగలి. దేనితో చేసింది, రాయి, పిడి చెక్క. ఎన్నేళ్ల నుంచి వాడుతున్నారు, 44. విలువ, మూడు వందల రూపాయలు.

ముప్ఫై ఏళ్లు సైన్సు టీచరుగా పిల్లల చేత పట్టికలు గీయించినదాన్ని. నా ఇల్లు కూడా ఒకరోజు పట్టికలో ఇమిడిపోతుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. ఆయనది వ్యవసాయం, నాది హైస్కూల్లో ఉద్యోగం. ఒక్కడే కొడుకు. మెల్‌బోర్న్‌లో స్థిరపడ్డాడు. 2017లో మా ఇద్దరికీ కలిపి తల్లిదండ్రుల వీసాకి దరఖాస్తు పెట్టాడు. అది ఏళ్ల తరబడి సాగే వ్యవహారం. ఆయనకి వెళ్లాలని పెద్దగా లేదు. "వచ్చినప్పుడు చూద్దాంలే" అనేవారు. 2021 మే నెలలో కరోనా ఆయన్ని తీసుకెళ్లిపోయింది. 2023లో వీసా వచ్చింది. ఇద్దరికి అడిగాం, ఒక్కదానికి వచ్చింది.

"అమ్మా, నువ్వొక్కదానివీ వచ్చెయ్. ఏమీ తేవద్దు. ఇక్కడ దొరకనిదంటూ లేదు" అన్నాడు మా అబ్బాయి ఫోన్లో.

వాడి మాట నిజమే. కానీ ఇల్లు అమ్మకానికి పెట్టాం. నేను తీసుకెళ్లనిదంతా ఏమవుతుంది? పాత సామాన్లవాడి బండి ఎక్కుతుంది. చివరికి కోడలే మధ్యవర్తిత్వం చేసింది. "అత్తయ్యా, మీకు కావాల్సినవి పది పెట్టెల్లో సర్దండి. ఓడలో వేయిద్దాం. మీ అబ్బాయికి నేను చెప్తాలెండి" అంది. అలా మొదలైంది నా ఓడ ప్రయాణం... అదే, నా సామాను ఓడ ప్రయాణం.

విమానం ఎక్కేటప్పుడు రెండు సూట్‌కేసులు తూకం వేసుకుంటే సరిపోతుంది. ఓడలో సామాను అంటే అలా కాదు. కంపెనీ మనిషి ముందు ఇంటికొచ్చి అన్నీ చూసి ఘనపు మీటర్లలో కొలిచాడు. నా సంసారం రెండున్నర ఘనపు మీటర్లని తేల్చాడు. ఒక కంటైనర్‌కి ఏ మూలకూ చాలదు కాబట్టి, మరికొందరి సామానుతో కలిపి ఉమ్మడి కంటైనర్లో వేస్తారట. ఆ తర్వాత కాగితాలు. నా పాస్‌పోర్టు, వీసా కాపీలు, సామాను జాబితా, ఆస్ట్రేలియా వాళ్ల బి534 అనే ఫారం. మనతో పాటు రాకుండా విడిగా వచ్చే సొంత సామాను గురించి ఇచ్చే వాంగ్మూలం అది. ఆ దేశంలో అడుగుపెట్టిన తేదీ దగ్గర్నుంచి, పెట్టెలు ఎవరు సర్దారు, అందులో తిండిపదార్థాలు, చెక్క, మొక్కల భాగాలు ఉన్నాయా అనేదాకా అన్నీ అడుగుతుంది.

"బయల్దేరేముందు ఏడాది పొడుగునా మీ సొంతంగా ఉండి, మీరు వాడిన వస్తువులకి పన్ను లేదండీ. కొత్తవి ఉంటే పన్ను పడొచ్చు. ఉంటే ముందే చెప్పండి" అన్నాడు కుర్రాడు.

నాకు నవ్వొచ్చింది. మా ఇంట్లో ఏడాది లోపు వస్తువు ఏదైనా ఉంటే అది నా బీపీ మాత్రల డబ్బా ఒక్కటే.

జాబితా రాయడం మొదలుపెట్టాక తెలిసింది, మనింట్లో వస్తువుల గురించి మనకెంత తక్కువ తెలుసో. ప్రతిదానికీ అవే ప్రశ్నలు. దేనితో చేసింది? ఎప్పటిది? విలువ ఎంత? "వంటసామాను" అని ఒక్క మాటలో రాస్తే కుదరదు. గరిటెలు ఎన్ని, అందులో చెక్కవెన్ని అని రాయాలి. పెట్టె నంబరు చూడగానే లోపల ఏముందో తెలియాలి.

ఇత్తడి గంగాళం దగ్గర కుర్రాడు ఆగిపోయాడు. "ఇది ఎన్నేళ్లదండీ?"

"ఏం?"

"వందేళ్లు దాటిందంటే పురావస్తువు కిందకి రావచ్చండీ. 1972లో వచ్చిన చట్టం ఉంది. అలాంటివి దేశం దాటించడానికి లేదు. చెన్నైలో అడిగితే మనం చెప్పుకోగలగాలి."

లెక్క వేశాను. మా అత్తగారు 1950లో కాపురానికి వస్తూ సారెతో తెచ్చుకున్న గంగాళం అది. డెబ్బై మూడేళ్లు. బతికిపోయింది. మరో ఇరవై ఏడేళ్లు ఆగి ఉంటే దానికీ వీసా కష్టాలు వచ్చేవి!

ఆ తర్వాత దేవుడి గూట్లోంచి ఎర్రచందనం చెక్క తీశాను. పిల్లలకి దెబ్బ తగిలి వాస్తే అరగదీసి పట్టువేసేవాళ్లం. అది చూసి కుర్రాడు రెండు చేతులూ జోడించాడు. "అమ్మా, దండం పెడతాను, దీన్ని మాత్రం పెట్టెలో పెట్టకండి. ఎర్రచందనం ఓడలో కనబడిందంటే మీరు మెల్‌బోర్న్ వెళ్లరు, నేను మా ఇంటికి వెళ్లను" అన్నాడు. బొటనవేలంత ముక్క. పక్కింటావిడకి ఇచ్చేశాను.

ఇవన్నీ మన వైపు నియమాలు. అసలు కథ అవతలి ఒడ్డున ఉంది.

ఆస్ట్రేలియాలో కస్టమ్స్‌వాళ్లు వేరు, బయోసెక్యూరిటీవాళ్లు వేరు. మొదటివాళ్లు పన్ను సంగతి, నిషిద్ధ వస్తువుల సంగతి చూస్తారు. రెండోవాళ్లకి మన డబ్బుతో పనిలేదు. మన సామానులో పురుగు ఉందా, విత్తనం ఉందా, చెప్పు అడుగున మట్టి ఉందా... అదే వాళ్ల బాధ. నా కోసం కుర్రాడు ఒక కాగితం తెచ్చాడు. ఇంటి సామానుతో కలిపి ఓడలో పంపకూడని గింజల జాబితా అది. 2020 సెప్టెంబరు నుంచి ఏ దేశం సామానుకైనా ఈ నిషేధం పెట్టారట. బియ్యం, కందులు, శనగలు, పెసలు, సోయా, వేరుశనగ, జీలకర్ర, ధనియాలు, ఎండుమిరపకాయలు...

చదువుతుంటే అది నిషేధపు జాబితాలా లేదు. ప్రతి నెలా ఒకటో తారీఖున నేను కిరాణా కొట్టుకి పంపే చీటీలా ఉంది!

దీనికంతటికీ కారణం ఒక పురుగు. పేరు ఖాప్రా. రెండు మూడు మిల్లీమీటర్లు ఉంటుంది. నిలవ ఉన్న ధాన్యాన్ని పొట్టు చేసేస్తుంది. దాని పుట్టిల్లు మన ఉపఖండమేనని అంటారు. ఆస్ట్రేలియాలో అది స్థిరపడలేదు. అందుకే అంత భయం.

ఆ సాయంత్రం పక్కింటావిడ వచ్చింది. జాబితా చూసి పెదవి విరిచింది. "మీరు మరీ చాదస్తం వదినగారూ. ఇవన్నీ ఎవరు చూస్తారు? మా ఆడపడుచు కూతురు రెండు కిలోల మిరపకాయలు చీరల మడతల్లో పెట్టి పంపించుకుంది. ఏమైంది? ఏమీ కాలేదు. పదిమందీ చేసే పనే" అంది.

మిరపకాయల మీద నాకు ఆశ లేదు. అక్కడి మన కొట్లలో అన్నీ దొరుకుతాయని, అవి శుద్ధి చేసి, పత్రాలతో వచ్చేవని అబ్బాయి చెప్పాడు. నా ఆశ వేరే దాని మీద ఉంది. అదేమిటో ఆవిడకి చెప్పలేదు. కుర్రాడికీ చెప్పలేదు.

మా వైపు కోతలయ్యాక మంచి కంకులు ఏరి, అల్లి, కుచ్చు కట్టి వసారాలో వేలాడదీస్తారు. పిచ్చుకల కోసం. ఆయన ప్రతి సంక్రాంతికీ తన చేత్తోనే కట్టేవారు. బయటివాళ్ల చేత కట్టించడానికి ఒప్పుకునేవారు కాదు. సాంబమసూరి కంకులు, పిడికెడు పిడికెడు చొప్పున జడలా అల్లుకుంటూ వెళ్లి, చివర కుచ్చు వదిలేవారు. 2021 సంక్రాంతికి కట్టిందే ఆఖరిది. ఆయన పోయిన పదో రోజు వసారాలోకి వెళ్తే, రెండు పిచ్చుకలు దాని మీద కూర్చుని గింజలు పొడుచుకుంటున్నాయి. ఎప్పుడూ జరిగేదే. కానీ ఆ రోజు నాకు కడుపు రగిలిపోయింది. హుష్ అని తోలేసి, కుచ్చు తీసి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి బీరువాలో దాచేశాను. రెండేళ్లుగా అది నా పట్టుచీరల కింద ఉంది.

పక్కింటావిడ వెళ్లాక బీరువా తెరిచాను. నా పెళ్లిపట్టు మడతల మధ్య పెడితే ఎవరికి తెలుస్తుంది? రెండున్నర ఘనపు మీటర్లలో జానెడు కుచ్చు. పెట్టేశాను కూడా. చీర మడత సర్ది, మూత వేశాను.

నిద్ర పట్టలేదు. పంపకూడని గింజల కాగితం మంచం పక్కనే ఉంది. ఫోన్ తీసి ఆ ఖాప్రా పురుగు సంగతే చదవడం మొదలుపెట్టాను. పాఠం చెప్పిన అలవాటు ఎక్కడికి పోతుంది! దాని పిల్లపురుగులు పెట్టెల సందుల్లో, పగుళ్లలో దూరి, తిండి లేకుండా ఏళ్ల తరబడి బతకగలవట. 2007లో పెర్త్ నగరంలో ఒక ఇంట్లో అవి కనబడ్డాయి. స్కాట్లండ్ నుంచి వలస వచ్చిన ఒక కుటుంబం సామానుతో వచ్చాయవి. ఇల్లు మొత్తం కప్పేసి విషవాయువు పట్టించాల్సి వచ్చింది. ఆ కుటుంబం కావాలని తెచ్చిందా? లేదు. వాళ్లకి తెలియనే తెలియదు. ఆ పురుగు దేశంలో స్థిరపడిందంటే ఆ దేశపు గోధుమ కొనడానికి మిగతా దేశాలు వెనకాడతాయి. అప్పుడు నష్టపోయేది ఆఫీసులో కూర్చున్న అధికారి కాదు, రైతు.

అక్కడ ఆగిపోయాను.

నాకు కాపురం కొత్తలో జరిగిన సంగతి గుర్తొచ్చింది. ఒక ఏడాది విత్తనానికి దాచిన మినుములు పుచ్చిపోయాయి. మూట విప్పితే గింజ గింజకీ కన్నం. ఆయన మాట్లాడకుండా నాలుగు బస్తాలూ పెరట్లోకి ఈడ్చి గోతాలతో సహా తగలబెట్టారు. "గోతాలు ఎందుకండీ, ఉతికి ఎండబెడితే పోయేది కదా" అన్నాను. "పక్కవాడు అడిగితే ఇస్తాం. దాంతోపాటు పురుగు కూడా వెళ్తుంది. మన గాదెలో పడ్డది మన ఖర్మ. వాడి గాదెలో పడితే అది మన తప్పు" అన్నారు.

లేచి లైటు వేశాను. పెళ్లిపట్టు మడత విప్పి, కవరు తీసి, పాత న్యూస్‌పేపరు మీద కుచ్చు దులిపాను.

సన్నటి తవుడులాంటి పొడి రాలింది. అందులో నల్లగా, ముక్కుతో, రెండు పురుగులు నడుచుకుంటూ వెళ్తున్నాయి.

అవి ఖాప్రా కాదు. మామూలు ముక్కపురుగులు. బియ్యం డబ్బాలో మనందరం చూసేవే. అయినా నాకు సిగ్గేసింది. పిచ్చుకల నోటి దగ్గర నుంచి లాక్కుని, రెండేళ్లు పురుగులకి పెట్టాను. ఇప్పుడు వాటినే ఇంకో రైతు దేశానికి, పట్టుచీరలో చుట్టి, దొంగతనంగా పంపబోయాను. ఆయన ఉంటే నన్ను ఏమీ అనేవారు కాదు. గోతాలు తగలబెట్టిన రోజున నా వైపు చూసినట్టు చూసేవారు.

తెల్లారాక కుర్రాడికి చూపించాను. తల అడ్డంగా ఊపాడు. "దీనికి దారి లేదండీ" అన్నాడు. కుచ్చుని ఎండలో పెట్టి, బాగా దులిపి, పక్కింటావిడ వసారాలో వేలాడదీసి వచ్చాను. కంపెనీవాళ్ల జాబితా 57 వస్తువులతో ముగిసింది. నా కాపీలో మాత్రం చివర నేనే చేత్తో రాసుకున్నాను. 58, వరికంకుల కుచ్చు. దేనితో చేసింది, వరి. ఎప్పటిది, 2021. విలువ దగ్గర ఏం రాయాలో తోచక వదిలేశాను.

ప్యాకింగ్ రోజున ఇంట్లో ఉన్న అట్టపెట్టెలన్నీ ముందుకు తెచ్చాను. యాపిల్ పెట్టెలు, గుడ్ల ట్రేలు. కుర్రాడు ఒక్కటీ ముట్టుకోలేదు. పళ్లు, కూరగాయలు, గుడ్లు పెట్టిన అట్టలు పనికిరావట. గాజు సామాను మధ్య ఎండుగడ్డి పెట్టబోతే అదీ వద్దన్నాడు. ఈనెల చీపురు, చేట, కొబ్బరి పీచు, పూజగదిలో ఎండుకొబ్బరి చిప్పలు, అక్షతలు... అన్నీ పక్కకి. నాకు అంతవరకూ తట్టనే లేదు, అక్షతలంటే బియ్యమేనని! ఆయన పొలానికి వేసుకెళ్లిన చెప్పులు మాత్రం వదలనన్నాను. బ్రష్షుతో అరగంట రుద్ది, అడుగున గాడిలో ఇసుక రేణువు లేకుండా చేసిచ్చాను. "వీటిని కూడా జాబితాలో విడిగా రాద్దామండీ. దాస్తే అనుమానం, చెబితే ఉత్త తనిఖీ" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది.

ఆయన పడక్కుర్చీకి చెక్కలతో గూడు కట్టారు. ఆ చెక్కల మీద కంకిలాంటి బొమ్మతో ఒక ముద్ర ఉంది. ఏమిటని అడిగాను. దేశాల మధ్య తిరిగే పెట్టెల చెక్కని లోపలి దాకా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచాలట. పురుగు చస్తుంది. అలా చేశామనడానికి ఆ ముద్ర. బాగుంది. కంకి బొమ్మ వెళ్లొచ్చు, కంకి వెళ్లకూడదు!

లారీ చెన్నై వెళ్లింది. నేను విమానంలో మెల్‌బోర్న్ వెళ్లాను. ఓడ సింగపూర్ మీదుగా తాపీగా బయల్దేరింది. ఏడు వారాలు. ఆ ఏడు వారాలూ కొడుకు ఇంట్లో చుట్టంలా ఉన్నాను. మెత్తటి సోఫా, మీట నొక్కితే మంట, అద్దంలా మెరిసే నేల. అన్నీ ఉన్నాయి. నావి అనుకోవడానికి ఒక్క గరిటె లేదు. కోడలు నా దగ్గర కూర్చుని ఓడ ఎక్కడుందో ఫోన్లో చూపించేది. నీలం రంగు మీద చిన్న చుక్క. అదే నా ఇల్లు.

ఓడ చేరాక పదో రోజున ఫోన్ వచ్చింది. మా అబ్బాయి స్పీకర్ పెట్టాడు. ఏజెంటు ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పాడు. కస్టమ్స్ నుంచి ఏ ఇబ్బందీ లేదు. బయోసెక్యూరిటీ అధికారి మూడు పెట్టెలు విప్పి చూశారు. చెప్పులు బాగున్నాయి. కొండపల్లి బొమ్మలు బాగున్నాయి. ఏడో నంబరు పెట్టె ఆపారు.

ఏడో నంబరు. తిరగలి.

"పిడి దిగ్గొట్టిన కన్నంలో గింజల పొట్టు ఉందట అమ్మా. కందిపప్పు ముక్కలు" అన్నాడు వాడు.

నా గొంతు ఎండిపోయింది. మూడుసార్లు కడిగాను. పుల్లతో గాళ్లు గీకాను. రెండు రోజులు ఎండబెట్టాను. పిడి మాత్రం ఊడదీయలేదు. అది మా అత్తగారి హయాంలో దిగ్గొట్టిన పిడి. ఊడదీయాలని తట్టలేదు. ఎవరి చేతుల్లోంచి జారిన కందిపప్పో! నాదా, అత్తగారిదా?

"పురుగు ఉందా?" అని అడిగించాను. లేదట. అయినా గింజ గింజే. మూడు దారులు చెప్పారు. మన ఖర్చుతో శుద్ధి చేయించుకోవచ్చు. మన ఖర్చుతో వెనక్కి పంపించుకోవచ్చు. లేదా నాశనం చేయడానికి ఒప్పుకోవచ్చు. నిర్ణయం చెప్పేదాకా గోడౌను అద్దె రోజువారీ పెరుగుతుంది. శుద్ధికీ, అద్దెకీ కలిపి వేసిన లెక్కని కోడలు రూపాయల్లోకి మార్చింది. నేను జాబితాలో వేసిన విలువకి డెబ్బై రెట్లకు పైనే.

నాకు అధికారి మీద కోపం రాలేదు. ఆ కన్నం నేను చూడలేదు, ఆయన చూశాడు. అంతే. ఆ ఉద్యోగంలో మావారే ఉంటే పిడి ఊడదీసే చూసేవారు.

"వదిలెయ్ నాన్నా. పారేయమని చెప్పు" అన్నాను. "మూడొందల రాయి. దానికింత డబ్బా?"

మా అబ్బాయి మాట్లాడలేదు. ఏమీ తేవద్దు, ఇక్కడ దొరకనిదంటూ లేదు అన్నది వీడే. కాసేపాగి, "నానమ్మ తిరగలి తిప్పుతుంటే నేను పక్కన గోనెపట్టా మీద పడుకునేవాణ్ణి. గుర్తుందా అమ్మా? ఆ చప్పుడుకి నిద్రొచ్చేది. ఆపితే మెలకువ వచ్చేది" అన్నాడు. ఫోన్లో ఏజెంటుతో, శుద్ధి చేయించండి అని చెప్పేశాడు.

నా కొడుకు ఆ తిరగలి పక్కన నిద్రపోయాడన్న సంగతి నాకు అస్సలు గుర్తులేదు. ఆ వేళల్లో నేను బడిలో ఉండేదాన్ని.

మూడు వారాల తర్వాత పెట్టెలు ఇంటికొచ్చాయి. తిరగలి క్షేమం. కన్నం శుభ్రం చేసేటప్పుడు పిడి ఊడదీయబోతే విరిగిపోయిందట. దాన్ని అక్కడే తీసేశారు. పిడి లేని తిరగలి ముందు వాలునట్టింట్లో అందరం కూర్చుని చూస్తుంటే, మనవడు లోపలికి పరిగెత్తి విరిగిన క్రికెట్ స్టంపు ముక్క తెచ్చాడు. వాళ్ల నాన్న దాన్ని చెక్కి దిగ్గొట్టాడు. సరిగ్గా సరిపోలేదు. తిప్పితే కొంచెం ఊగుతుంది. కానీ తిరుగుతుంది. మొదటి రోజు కొట్లో కొన్న పెసలు గుప్పెడు పోసి విసిరితే, మనవడు చెవి ఆనించి విన్నాడు. వాళ్ల నాన్న మాత్రం నిద్రపోలేదు. ఆఫీసు ఫోన్ వచ్చి లేచి వెళ్లాడు.

సామాను ఓడలో వేసుకుని వెళ్లేవాళ్లు ఇప్పుడు నన్ను సలహా అడుగుతుంటారు. నేను చెప్పేవి నాలుగే. పెట్టెలో ఏముందో మీకు తెలియకపోతే ఎవరికీ తెలియదు, అందుకని దగ్గరుండి ప్రతిదీ విడిగా రాయించండి. కొత్త అట్టపెట్టెలు వాడండి. చెప్పులు, సైకిలు చక్రాలు, తోటపని సామాను మట్టి లేకుండా కడగండి. పిడి ఉన్న ప్రతి వస్తువుకీ పిడి ఊడదీసి చూడండి. ఐదోది ఒకటుంది. చీర మడతల్లో ఏమైనా పెట్టేముందు ఒకసారి న్యూస్‌పేపరు మీద దులిపి చూసుకోండి.

డిసెంబరులో పక్కింటావిడ వాట్సాప్‌లో ఫొటో పంపింది. వాళ్ల వసారా. దూలానికి నా కుచ్చు. కుచ్చంటే ఇప్పుడు ఉత్త గడ్డే. ఆ జడ అల్లిక మాత్రం చెక్కుచెదరలేదు. పక్కన తీగ మీద ఒక పిచ్చుక. వెంటనే ఫోన్ చేశాను.

"గింజ ఒక్కటి మిగల్లేదు వదినగారూ! నెల తిరక్కుండానే ఊడ్చేశాయి. ఆ గడ్డి తీసెయ్యనా, ఉంచనా?" అంది.

"ఉంచండి. అలాగే సంక్రాంతికి ఎవరిచేతనైనా కొత్త కుచ్చు ఒకటి కట్టించి దాని పక్కన వెయ్యండి. ఎంతవుతుందో చెబితే డబ్బులు పంపిస్తాను" అన్నాను.

ఆవిడ గట్టిగా నవ్వింది.

"కుచ్చుకి డబ్బులేమిటి వదినగారూ!"